కబ్బన్ పార్కులో పెళ్లి విచారణ

మా ఇంట్లో ఎవరికి సంబంధం వచ్చినా విచారణకు నన్నే పంపుతారు. నేను చదివింది అయిదో తరగతే. కానీ ఒకసారి చూసిన మొహాన్నీ, ఒకసారి విన్న మాటనూ మరిచిపోను. పైగా ఒంటిదాన్ని. నేను ఊరెళితే ఎవరి అన్నమూ ఆగిపోదు. ఇంతవరకు నా విచారణలన్నీ అటు పలమనేరు, ఇటు కదిరి దాటలేదు. ఎవరి ఇంటి ముందో మంచినీళ్లు అడిగి, అరుగు మీద కూర్చుని, పక్కింటామెతో రెండు మాటలు కలిపితే చాలు. ఆ ఇంటి సంగతంతా కొంగులో మూట కట్టుకొని వచ్చేదాన్ని. బెంగళూరు వెళ్లడం మాత్రం అదే మొదలు. మెట్రో రైలు కోసం అక్కడి రోడ్లన్నీ తవ్విపోసిన రోజులవి.

సంగతి ఏమంటే, మా అన్న కొడుకు దావీదు మదనపల్లెలో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తాడు. నెమ్మదస్తుడు. సువార్త సభల్లో కెజియా అనే పిల్లను చూశాడు. వాళ్లు మా వైపు వాళ్లే. తల్లి సలోమి నర్సు. తండ్రి లేడు. కాపురం బెంగళూరు మారతహళ్ళిలో. పిల్ల ఒక స్కూల్లో డ్రిల్లు టీచరు. రెండు వైపులా ఇష్టపడ్డారు. ఇక మాటలు కలుపుకోవడమే తరువాయి అనుకుంటూ ఉండగా మా బంధువు ప్రకాశం బెంగళూరు నుంచి వచ్చి నిప్పు పెట్టాడు.

"ఆ పిల్ల పార్కులో నేల మీద పడి దొర్లతాంటే నా కళ్లారా చూసినా. చుట్టూ జనం నిలబడుకోని చూస్తాండారు. ఒకసారి కాదు. లేస్తాది, మళ్లా పడతాది."

మా వదిన గుండె మీద చెయ్యి వేసుకుని "మూర్ఛ!" అంది. అంతే, మావైపు నుంచి కబురు ఆగిపోయింది. రెండు నెలలు గడిచాయి. దావీదు తిండి మానలేదు గానీ, చారు పోసుకోవడం మరిచిపోయి వట్టి అన్నమే తిని లేస్తున్నాడు. అది చూడలేక చివరికి మా అన్న నన్ను పిలిచాడు. మా అన్న మా చర్చిలో పెద్ద. తక్కువ మాట్లాడతాడు, తిరిగి మాట్లాడనివ్వడు.

"మూర్ఛ ఉంటే సంబంధం లేదు. లేకుంటే ఉండాది. పోయి చూసి రా."

బయలుదేరేటప్పుడు వదిన ఇనుప బీగాల గుత్తి, అంటే ఇంటి తాళాలన్నీ, తెచ్చి నా నడుంలో దోపింది. మూర్ఛ వచ్చినవాళ్ల చేతిలో ఇనుము పెడితే తగ్గుతుందని మా వైపు నమ్మకం. నేను చూస్తుండగానే ఆ పిల్ల పడిపోతే చేతిలో పెట్టాలట.

"ఇనుముతో ఏమీ కాదమ్మా. పక్కకు తిప్పి పండబెట్టాల, అంతే," అన్నాడు దావీదు.

"నువ్వు నోరు మూసుకో," అన్నారు భార్యాభర్తలిద్దరూ ఒకేసారి. ఆ ఇద్దరూ ఒకే మాట మీద నిలబడటం నేను అరుదుగా చూశాను.

బస్సులో

విచారణకు వెళ్లేవాళ్లు వెళ్లే పని ఎవరికీ చెప్పకూడదు. అందుకని నోరు మూసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. చింతామణిలో ఒకామె టమాటాల బుట్టతో ఎక్కి నా పక్కన సర్దుకుంది.

"ఏవూరక్కా?"

"మదనపల్లె."

"ఎవురింటికి?"

"చెల్లెలింటికి."

"ఊరికేనా?"

"ఊరికే."

ఆమె నా నడుం వైపు చూసింది. "ఊరికే పొయ్యేవాళ్లు ఇంత లావు బీగాలు దోపుకోని పోతారా?"

హొసకోట వచ్చేసరికి దావీదు జీతం, మా వదిన గుణం, ప్రకాశం చెప్పిన మాట అన్నీ ఆమెకు తెలిసిపోయాయి. ఆమె గురించి నాకు తెలిసింది టమాటాల ధర ఒక్కటే. అది కూడా కిలో ఆరు రూపాయలని ఆమె తనంతట తానే చెప్పింది. దిగేటప్పుడు నా ఒడిలో నాలుగు పండ్లు వేసి, "పిల్లను కాదక్కా, పిల్ల తల్లిని చూడు. అంతా ఆడనే ఉంటాది," అని వెళ్లిపోయింది. నేనూ ఎన్నో విచారణలు చేశాను గానీ, అడుగుతున్నట్టే తెలియకుండా అడిగే మనిషిని అప్పుడే చూశాను.

బొమ్మనహళ్ళి

మా చెల్లెలు ఎస్తేరు బొమ్మనహళ్ళిలో గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. కాలరు తప్ప ఇంకేమీ కుట్టదు. తను కుట్టిన కాలర్లు ఏ దేశంలో ఎవరి మెడ మీద ఉన్నాయో తెలియదు. ఉండేది మూడో అంతస్తులో ఒక్క గది. మెట్లు ఎంత ఇరుకంటే, ఒకరు దిగేదాకా ఇంకొకరు కింద కాచుకోవాలి. ఆ ఇంట్లో పరిచయాలన్నీ ఆ మెట్ల కిందే అవుతాయి. హిందూపురం వాళ్లు, రాయచూరు వాళ్లు, గద్వాల నుంచి వచ్చి మేస్త్రీ పని చేసేవాళ్లు, అందరూ అక్కడే కలిశారు. "ఊట ఆయ్తా?" అని, అంటే భోజనమైందా అని, కన్నడంలో మొదలుపెట్టి, "మాయింట్లో పప్పు ఉండాది, తెచ్చిస్తా ఉండప్పా," అని తెలుగులో ముగిస్తారు. మన దగ్గర ఆడవాళ్లను అప్పా అంటే కొట్లాటకు వస్తారు. అక్కడ ఆడా మగా చిన్నా పెద్దా అందరూ అప్పాలే.

పక్కింటి కన్నడామె నాకోసం గిన్నెడు సాంబారు పంపింది. ఒక ముద్ద తిని, "ఇది సాంబారా, పాయసమా?" అన్నాను. ఎస్తేరు నా తొడ మీద గిచ్చింది. ఆమె తలుపు పక్కనే ఉందట. "బెల్లం చాలలేదేమో," అని ఆ మహాతల్లి ఇంకో గిన్నె తెచ్చింది. అదీ తినాల్సి వచ్చింది.

రాత్రి కాకముందే ఎస్తేరు తన విచారణ ఫలితం చెప్పింది. ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే పిల్ల ఒకతె కెజియా వెళ్లే చర్చిలోనే పాడుతుందట.

"ప్రతి ఆదివారం తెల్లారేసరికి కబ్బన్ పార్కుకు పోతాదంట. ఆన్నించి నేరుగా రెండో ఆరాధనకు వస్తాదంట. తల్లో గడ్డి పరకలు ఉంటాయంట."

"తల్లో గడ్డా!"

"మోచేతులు గీరుకుపోయి ఉంటాయంట."

అక్కాచెల్లెళ్లం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. దావీదు వట్టి అన్నం పళ్లెం నా కళ్ల ముందు మెదిలింది.

చిక్కపేట

శనివారం ఎస్తేరు సెలవు పెట్టింది. నిశ్చితార్థం చీర కొందాం పద అంది.

"మూర్ఛ ఉందో లేదో తేలకుండానే చీరేమిటే?"

"నాకు మళ్లా సెలవు దొరకదు. సంబంధం కుదిరితే ఆ పిల్లకు. కుదరకపోతే నాకు."

మా చెల్లెలు నష్టమొచ్చే పని ఎప్పుడూ చెయ్యదు.

చిక్కపేట సందులు మా ఇంటి వరండా కన్నా వెడల్పు ఉండవు. అందులోనే మనుషులు, స్కూటర్లు, నెత్తిన బేళ్లు మోసే హమాలీలు, తోపుడుబండ్లు. నేను ఒక అంగడి ముందు రంగులు చూస్తూ నిలబడితే వెనకనుంచి "సైడు సైడు! దారి బిడ్రీ!" అని కేక. తిరిగి చూస్తే బేళ్ల బండి నా వీపు మీదికి వచ్చేస్తోంది. ఎలా ఎగిరానో నాకే తెలియదు. అంగడి అరుగెక్కి, షావుకారు పరిచిన తెల్లటి పరుపు మీద చెప్పులతో సహా నిలబడి ఉన్నాను. ఆయన కోప్పడలేదు. రెండు చేతులూ జోడించి, "బన్నీ అమ్మా, ఏం చూపించమంటారు? పట్టా, కాటనా?" అన్నాడు. పరుపు మీద నా చెప్పుల గుర్తులు చూశాక కొనకుండా దిగడానికి నాకు మనసొప్పలేదు. ఎస్తేరు మాత్రం గంటసేపు బేరమాడి, చివరికి ఒక చేతి రుమాలు కూడా ఇప్పించుకుంది. చీర వంగపండు రంగు. ఎస్తేరుకు అచ్చంగా నప్పే రంగు.

కబ్బన్ పార్కు

ఆదివారం మొదటి సిటీ బస్సు పట్టుకుని పార్కుకు చేరాం. ఎన్ని చెట్లు! ఊరి నడుమ అంత అడవిని ఎవరూ నరకకుండా ఎలా వదిలేశారా అని ఆశ్చర్యపోయాను. లోపల జనం నడుస్తున్నారు. మా ఊళ్లో నడవడమంటే ఎక్కడికో ఒక చోటికి చేరడానికి. ఇక్కడ గంటసేపు చెమటలు కక్కుతూ నడిచి, బయలుదేరిన చోటికే వచ్చి నిలబడుతున్నారు. ఒక కుక్కకు స్వెటరు వేసి నడిపిస్తున్నారు. దాన్ని పట్టుకున్న ఆయనకు మాత్రం చేతుల్లేని బనీనే.

వెదురు పొదల వెనక నక్కి చూశాం. వదులు పైజామాలు వేసుకున్న పడుచువాళ్లు పదిమంది దాకా ఉన్నారు. కెజియాను ఫొటోలో చూశాను కాబట్టి గుర్తుపట్టాను. చామనఛాయ, సన్నటి పిల్ల, బిగించి అల్లిన జడ. పరుగెత్తుకుంటూ వచ్చి చిన్న రాతిగోడ మీద చేతులాన్చి పిల్లిలాగా అటుపక్కకు దాటింది. నాకు బాగానే అనిపించింది. తర్వాత ఒక బండ మీదికి ఎక్కి దూకింది. నేలకు కాళ్లు తగిలాయో లేదో, ముద్దలా ముడుచుకుని పడి దొర్లింది.

"యేసయ్యా!" అని నేను పరుగు. ఎస్తేరు కొంగు పట్టుకుని ఆపబోయింది గానీ నేను ఆగే స్థితిలో లేను. "పక్కకు జరగండప్పా, గాలి ఆడనియ్యండి!" అని అందరినీ తోసుకుంటూ వెళ్లి, ఆ పిల్ల పిడికిలి విప్పి, బీగాల గుత్తి పెట్టి, నా రెండు చేతులతో గట్టిగా మూసి, కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన మొదలుపెట్టాను.

కాసేపటికి మెల్లగా వినిపించింది. "ఆంటీ... మీకు ఏమైంది?"

కళ్లు తెరిస్తే ఆ పిల్ల నిక్షేపంగా నన్నే చూస్తోంది. వాళ్లకు నేర్పే చేతన్ అనే కన్నడ కుర్రవాడు వంగి, "ఏనాయ్తమ్మా? కీ బిద్దిత్తా?" అన్నాడు. తాళాలు పడిపోయాయా అని అడుగుతున్నాడు. దేవుడే నోట పలికించాడని ఆ మాటే పట్టుకున్నాను.

"ఔనప్పా, పోగొట్టుకున్నా. ఇప్పుడే దొరికినాయి."

"నా చేతిలోనా?" అంది కెజియా.

ఆ పిల్ల నవ్వేసి, నన్ను లేపి, గడ్డి మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. నేను ఎవరో అడగలేదు. విచారణ లోపలినుంచి చేసే అవకాశం ఇంతకన్నా బాగా ఎప్పుడు వస్తుందని నేనూ కదలలేదు.

"ఏంటిది అమ్మీ, ఈ దూకేది, దొర్లేది?"

"దీన్ని పార్కూర్ అంటారు ఆంటీ. అడ్డమొచ్చిన దాన్ని దాటుకోని పోవడం. పడినా దెబ్బ తగలకుండా పడడం."

"గోడ పక్కన దారి ఉండాది గదమ్మా. ఎందుకు దాటేది?"

"బాగుంటాది ఆంటీ," అంది కెజియా. "చెప్పులు విడిచి మీరూ రండి."

మంచుతో తడిసిన గడ్డి మీద పాదాలు పెట్టి ఎన్నేళ్లయిందో. అందరినీ కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాడు చేతన్. దగ్గరి చప్పుడు ముందు వినాలట, ఆ తర్వాత కొంచెం దూరానిది, ఆ తర్వాత అన్నిటికన్నా దూరానిది. నాకు ముందు నా గాజులు వినిపించాయి. తర్వాత వెదురు పొదలో ఎస్తేరు నోట్లో కొంగు కుక్కుకుని నవ్వడం. తర్వాత ఉడత. ఎండుటాకు రాలిన చప్పుడు. ఎక్కడో దూరంగా రైలు. మేము కళ్లు మూసుకున్నామంటే దేవుణ్ణి ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాం. ఏమీ అడగకుండా కళ్లు మూసుకోవడం నాకు కొత్త. ఎంత హాయిగా ఉందంటే, నా గురక నాకే వినిపించి ఉలిక్కిపడి లేచాను. "సూపర్ అమ్మా! రిలాక్స్ అంటే ఇదే," అన్నాడు చేతన్ మిగతావాళ్లతో, నన్ను చూపించి.

గోడ మీద

తర్వాత ఎలుగుబంటిలా, ఎండ్రకాయలా నడిచే ఆటలు ఆడారు. నేను చీర కుచ్చిళ్లు వెనక్కి దోపి ఎండ్రకాయ వరకు చేశాను. తప్పుగా చేస్తే నవ్వుతారు, బాగా చేసినా నవ్వుతారు. పందెం లేదు. తర్వాత గోడ. ఈ చివర మోకాలెత్తు ఉంది, పోనుపోను నేల కిందికి దిగి అటు చివర నా ఛాతీ ఎత్తవుతుంది. కెజియా భుజం పట్టుకుని ఎక్కాను.

"కింద చూడొద్దు ఆంటీ. గోడ చివర ఆ ఎర్ర పువ్వు ఉంది చూడండి, దాన్నే చూడండి."

మొదటి నాలుగడుగులు నా కాళ్లు నావి కావు. తర్వాత అలవాటయ్యాయి. భుజం ఎప్పుడు వదిలానో కూడా తెలియలేదు. నా అంత పొడుగు మనుషుల తలలు కిందుగా కనిపిస్తుంటే రాణిలాగా నడిచాను. సరిగ్గా ఆ చివరికి చేరేసరికి వెనక ఈల.

వాచ్‌మన్! పిల్లలంతా గోడ మీదినుంచి పిచ్చుకల్లా లేచి అటుపక్కకు మాయం. నేనూ వెనకే దూకుతాననుకుందేమో, కెజియా కూడా కనబడలేదు. గోడ మీద కుచ్చిళ్లు దోపుకుని నేనొక్కదాన్నే.

"ఏయ్ అమ్మా! కెళగె ఇళీ!" అన్నాడు. నేను కదలకపోయేసరికి తెలుగులో, "దిగు కిందికి!"

"దిగేదానికి చేతనైతే నువ్వొచ్చేదాకా ఉంటానాప్పా?"

"ఎక్కినావు గదా?"

"ఎక్కింది ఆ కొసన. ఆడ మోకాలెత్తే ఉండాది."

"ఆ పిల్లోళ్లకైతే బుద్ధి లేదు. ఇంత వయసొచ్చి నీకేమమ్మా? ఏవూరు?"

"మదనపల్లె."

అతను ఈల జేబులో పెట్టేశాడు. "మాది శ్రీనివాసపురం, మీ పక్కనే! ముందే చెప్పొచ్చు గదా!" అని పరుగున పోయి తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. కుర్చీ పట్టుకుని, "ఏం పనిమీద వచ్చినావు బెంగుళూరుకు?" అని అడిగాడు.

"పెళ్లి పనిమీద."

"గోడ మీద పెళ్లా?"

నేను కుర్చీ మీదికి ఒక కాలు దించేసరికి ఎస్తేరు వచ్చింది, కడుపు పట్టుకుని. కెజియా కూడా "సారీ ఆంటీ, సారీ," అంటూ చుట్టూ తిరిగి వచ్చింది. ఎస్తేరు నవ్వు ఆపుకోలేక వాచ్‌మన్‌తో అనేసింది. "మా అక్క పెళ్లికొడుకు మేనత్తప్పా! ఈ పిల్లకు మూర్ఛ ఉండాదేమో చూసి రమ్మని పంపినారు!"

అని, నోరు మూసుకుంది. అప్పటికే ఆలస్యమైంది. కెజియా మొహంలో నవ్వు ఆరిపోయింది.

నిలబడి తినే హోటలు

మమ్మల్ని తిట్టలేదు. "టిఫిన్ తినలేదు గదా, రండి," అని పక్క వీధిలో హోటలుకు తీసుకెళ్లింది. అక్కడ కుర్చీలుండవు. పెద్ద పెద్ద ఉద్యోగస్తులు కూడా నిలబడే తింటారు. ఒకే పళ్లెంలో కారం ఉప్మా, పక్కనే తీపి కేసరి పెట్టి చౌచౌ బాత్ అంటారు. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోయించుకుని బై టూ అంటారు. మన ఇంటికొచ్చినవాళ్లకు సగం గ్లాసు కాఫీ ఇస్తే మళ్లీ గడప తొక్కరు. ఇక్కడ అదే మర్యాద. ఇవన్నీ చూస్తూ ఉప్మాను చెంచాతో అటూ ఇటూ జరుపుతున్నాను.

"రెండు నెలలుగా కబురు లేదు," అంది కెజియా. "నేను నల్లగా ఉన్నానని వద్దనుకున్నారేమోనని మా అమ్మ ఏడుస్తా ఉండాది. ఇందుకా ఆంటీ?"

"తప్పే అమ్మా."

"మూర్ఛ ఉంటే మాత్రం ఏం? నోరు తెరిచి అడగొచ్చు గదా. మందులేసుకోని పెళ్లి చేసుకోని పిల్లల్ని కన్నవాళ్లు మా అమ్మ ఆస్పత్రిలో ఎంతమంది ఉన్నారో!"

ఎస్తేరు తన కాఫీ కూడా నా వైపు జరిపింది. ఆమెకు తెలిసిన క్షమాపణ అదే.

"నాకు మూర్ఛ లేదని చెప్పండి. దాంతోపాటు ఇదీ చెప్పండి," అంది కెజియా. "నాన్న పోయినాక నేను ఎవరితోనూ మాట్లాడకుండా ఉండిపోయినా. స్కూలు, ఇల్లు, అంతే. ఈ పార్కుకొచ్చినాకనే మళ్లా నవ్వింది. దావీదంటే నాకు ఇష్టమే. ఇది మానేస్తేనే పెళ్లంటే మాత్రం నాకీ సంబంధం వద్దు."

అక్కడినుంచే ఎస్తేరు సెల్లులో అన్నకు ఫోను చేశాను.

"మూర్ఛ ఉండాదా?"

"లేదన్నా."

"మరి పడేది నిజమేనా?"

"నిజమే. కావాలనే పడతాది."

"కావాలని పడేదానికన్నా మూర్ఛే మేలు గదమ్మే! దానికి మందన్నా ఉంటాది. మానేస్తాదంటనా?"

"మానదంట."

"అయితే వద్దు."

అవతల ఏదో పెనుగులాట. దావీదు గొంతు వినిపించింది. "అత్తా, ఎంత ఎత్తునించి దూకుతాది?" అంతలో మళ్లీ అన్న. "నేనే వస్తా. నా మాట ఆ పిల్ల మొహం మీదే చెప్పి వస్తా."

మారతహళ్ళి మిద్దె

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక అన్న, వదిన, దావీదు, ఎస్తేరు, నేను మారతహళ్ళి వెళ్లాం. అటు అద్దాల మేడలు, ఇటు పీజీ హాస్టళ్లు, మధ్యలో సందు, సందులో రెండో అంతస్తులో సలోమి ఇల్లు. మా అన్న గోడ మీద చెయ్యి ఆన్చి ఒక్కో మెట్టూ ఎక్కాడు. పోయిన వానాకాలం బచ్చలింట్లో స్నానం చేస్తూ జారి తుంటి పట్టేసి మంచం మీద ఉన్నాడు. నయమైంది గానీ అప్పటినుంచి నూనె పోసిన నేల మీద నడిచినట్టే నడుస్తాడు. ఆ సంగతి బయట ఎవరికీ చెప్పకూడదని మా అందరికీ ఆజ్ఞ.

సలోమి మటన్ పలావు వండింది. తిన్నాక వదిన, "కాస్త మంచినీళ్లు తెచ్చియ్యమ్మా," అంది కెజియాతో. నీళ్లు వదిన పక్కనే ఉన్నాయి. పెళ్లిచూపుల్లో పిల్ల నడక చూడటానికి మా వైపు ఇలాగే అడుగుతారు. కెజియా వంటింట్లోకి వెళ్లి తెచ్చిచ్చి, నవ్వుతూ, "చాలా ఆంటీ? ఇంకోసారి నడవాల్నా?" అంది. వదినకు పొరబోయింది.

అన్న గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నీ మీద మాకేం కంప్లైంటు లేదు. పెళ్లయినాక ఈ దూకేది, దొర్లేది మానెయ్యాల. అంతే."

"మానను అంకుల్."

"నాయనా, నేను కూడా నేర్చుకుంటా," అన్నాడు దావీదు.

"నువ్వు నోరు మూసుకో."

"మూసుకోను," అన్నాడు దావీదు. వాడి ఇరవై ఏడేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు. వాడికే భయమేసి, లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాడు.

అన్న కండువా భుజాన వేసుకున్నాడు. "పదండి, పోదాం."

సలోమి కళ్లు నిండాయి. అయిపోయిందనుకున్నాను. అన్న గుమ్మం దాటి మెట్ల దగ్గర ఆగాడు. గోడకోసం చెయ్యి వెతుకుతోంది. దిగేటప్పుడు ఆ చేతివైపు గోడ లేదు, కడ్డీ కూడా లేదు. అందరం వెనక నిలబడ్డాం. దిగడు, వెనక్కి తిరగడు.

కెజియా వచ్చి పక్కన నిలబడింది. "అంకుల్, మీరు పడింది ఎప్పుడు?"

అన్న గిరుక్కున నావైపు తిరిగాడు. "నేను చెప్పలేదన్నా, నా మీద ఒట్టు," అన్నాను.

"ఎవురూ చెప్పలేదు అంకుల్. కాలి వేళ్లు ముడుచుకోని నిలబడినారు. నేను కూడా మొదట్లో గోడ మీద అట్లే నిలబడేదాన్ని."

అన్న చాలా చిన్నగా అన్నాడు. "భయమమ్మా. స్నానానికి పోవాలన్నా భయమే. మళ్లా పడితే లేస్తానో లేదో."

మా అన్న నోట భయమనే మాట నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. వదిన అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

"పడేది నేర్పిస్తాను, రండి," అంది కెజియా.

"మెల్లగా! ముందు పరుపు వెయ్యి," అని సలోమి నర్సు గొంతుతో అరిచి, తుంటి నొక్కి చూసి, సరేనంది. మిద్దె మీద రెండు పరుపులు పరిచారు. దావీదు ఒక పక్క, సలోమి ఒక పక్క. నిలబడి కాదు, ముందు కూర్చుని పడటం. గడ్డం ఛాతీకి ఆన్చాలి. చెయ్యి నేలకు పొడవకూడదు. పక్కకు ఒరిగి, భుజం మీదుగా దొర్లాలి. అన్న పంచె ఎగగట్టి మొదటిసారి బియ్యం మూటలా పడ్డాడు. రెండోసారి ఇంకో వైపు బియ్యం మూటలా పడ్డాడు. "ఇంకోసారి చెప్పమ్మా," అన్నాడు. ఎదురు హాస్టలు మిద్దె మీద బట్టలు ఆరేసుకుంటున్న కుర్రాళ్లు గోడ పట్టుకుని చూస్తున్నారు. "అంకుల్, చిన్ లోపలికి!" అని సలహా కూడా ఇస్తున్నారు. వదిన మొహం మీద కొంగు కప్పుకుంది.

ఎన్నోసారికో తెలియదు, మా చర్చి పెద్ద గుండ్రంగా, సుతారంగా, చప్పుడు లేకుండా దొర్లాడు. ఎదురు మిద్దె మీద చప్పట్లు. అన్న వెల్లకిలా పడుకుని, ఆకాశం చూస్తూ, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"దావీదూ."

"నాయనా."

"పెళ్లెప్పుడు పెట్టుకుందామో మీ అత్తగారిని అడుగు."

"అయ్యో, లేచి కూచోని మర్యాదగా మీరే అడగండి!" అంది వదిన కొంగులోంచి.

"ఉండవే," అన్నాడు మా అన్న. "ఇంకా లేచేది నేర్పలేదు."